టర్బో కారులో గాలిబలము తప్పినప్పుడు దోషమును వెదకు విధము

జ్వరమానిని రోగి నాలుకక్రింద నుంచినచో జ్వరమున్నదని చెప్పును. జ్వర మేల వచ్చెనో చెప్పదు. ఈ చిన్న సంగతిని మఱచుటచేత ఎందఱో గృహస్థులు ధనమును నష్టపోవుచున్నారు. మనుష్యుల విషయమున నెట్లో, మన వీథులలో తిరుగు మోటారుకార్ల విషయమునను అట్లే. "బండికి పికప్ లేదు", "ఎత్తు ఎక్కుట లేదు", "నల్లపొగ కొట్టుచున్నది" అని షెడ్డునకు పోవువారికి తఱచుగా లభించు ప్రత్యుత్తర మొక్కటే: "టర్బో పోయినది, మార్చవలెను." పోయినది నిజముగా టర్బోయేనా, లేక దానిని అదుపులో నుంచు చిన్న పరికరమా, లేక ఆ పరికరమునకు బలమిచ్చు రబ్బరు గొట్టమా యను విచారణ జరుగుట అరుదు. ఆ విచారణ నెట్లు చేయవలెనో మా భవానీపురమున జరిగిన యొక యుదాహరణమును ముందుంచుకొని ఈ వ్యాసమున వివరింపదలచితిమి.

టర్బో యనగా నేమి?

ఇంధనము మండుటకు గాలి కావలెను. గాలి యెంత యెక్కువగా లోపలికి పోయిన నంత యెక్కువ ఇంధనమును పొగలేకుండ మండింపవచ్చును; అంత యెక్కువ శక్తి పుట్టును. 1.3 లీటర్ల పరిమాణము గల డీజిల్ ఇంజను నొకదానిని తీసికొందము. అది నిమిషమునకు 2000 చుట్లు తిరుగుచున్నదనుకొనుడు. ఇట్టి ఇంజను రెండు చుట్లకొక మారు మాత్రమే గాలిని పీల్చును గనుక, తన సొంత బలముచేత నిమిషమునకు 1300 లీటర్లకు మించి పీల్చజాలదు. ఆ గాలినే రెండింతలు ఒత్తిడితో లోపలికి నెట్టగలిగినచో ఆ చిన్న ఇంజనే పెద్ద ఇంజనువలె పనిచేయును.

ఆ నెట్టు యంత్రమే టర్బో. సైలెన్సరుగుండ వృథాగా పోవు వేడిపొగ యొక చక్రమును త్రిప్పును. అదే ఇరుసునకు రెండవ కొనయందున్న వేఱొక చక్రము బయటిగాలిని పీల్చి, అదిమి, ఇంజనులోనికి పంపును. ఇరుసు నిమిషమునకు లక్షకు మించిన చుట్లు తిరుగును. చిన్న కార్లలో రెండులక్షలను సైతము దాటుట కలదు. అదిమిన గాలి వేడెక్కును. వేడెక్కిన గాలి పలుచబడును. కావున దానిని ఇంటర్‌కూలరను జల్లెడవంటి పెట్టెలో చల్లార్చి పిమ్మట ఇంజనునకు పంపుదురు. స్విట్జర్లండు దేశీయుడైన ఆల్ఫ్రెడ్ బ్యూఖి యను ఇంజనీరు 1905లో ఈ యుపాయమునకు పేటెంటు పొందెను. మొదట ఓడలలోను విమానములలోను వాడబడి, 1962లో అమెరికాదేశమున సామాన్యప్రజల కార్లలోనికి వచ్చెను. నేడు మన యూరిలో తిరుగు డీజిల్ కార్లలో నించుమించుగా అన్నిటికిని, పెట్రోలు కార్లలో పెక్కింటికిని టర్బో కలదు.

అదు పేల కావలెను?

ఇచట నొక చిక్కు కలదు. గాలి పెరిగిన ఇంధనము పెరుగును. ఇంధనము పెరిగిన పొగ పెరుగును. పొగ పెరిగిన టర్బో వడి పెరుగును. టర్బో వడి పెరిగిన గాలి మఱింత పెరుగును. ఈ చక్రమునకు కళ్లెము లేనిచో ఇంజను తన్ను తానే పగులగొట్టుకొనును. కావున కళ్లెము వేసిరి. అది రెండు విధములు.

మొదటి విధము మన ప్రకాశం బ్యారేజిని చూచినవారికి సులభముగా బోధపడును. 1855 నాటి పాత ఆనకట్టకు బదులుగా 1957లో తెఱువబడిన ఈ బ్యారేజికి 70 గేట్లు కలవు. కాలువలకు కావలసిన నీటిని నిలిపి, మిగిలిన నీటిని గేట్లెత్తి సముద్రమునకు వదలుదురు. అట్లే టర్బోచక్రమునకు ప్రక్కగా నొక చిన్న తలుపుండును. గాలియొత్తిడి హద్దు దాటునప్పుడు అది తెఱచుకొని, మిగులుపొగను చక్రమునకు తగులనీయక సైలెన్సరులోనికి వదలును. దీనికి వేస్ట్‌గేటని పేరు.

రెండవ విధము ఏటిపాయను పోలినది. నీరు కొంచెమైనను పాయ ఇఱుకైన చోట వడిగా పాఱును. అట్లే చక్రముచుట్టును కదలు రెక్కలను అమర్చి, పొగ తక్కువగా నున్నప్పుడు దారిని ఇఱుకుచేసి వడి పెంచుదురు. పొగ యెక్కువైనప్పుడు దారిని వెడల్పుచేయుదురు. డీజిల్ కార్లలో పెక్కింటికి ఈ రెక్కల టర్బోయే యుండును.

తలుపునైనను రెక్కలనైనను కదలించునది యొక కమ్మి. ఆ కమ్మిని లాగునది యాక్చుయేటరను చిన్న డబ్బా. డబ్బాలో నొక పలుచని పొర యుండును. ఆ పొరను కదలించు బలము కొన్ని బండ్లలో టర్బో పుట్టించు గాలియొత్తిడినుండియే వచ్చును. కొన్నింట వాక్యూమ్ పంపు పుట్టించు శూన్యబలమునుండి వచ్చును. క్రొత్త బండ్లు కొన్నింట విద్యుత్తు మోటారునుండి వచ్చును. మొదటి రెండు విధములలోను బలము నెంత పంపవలెనో నిర్ణయించునది సోలినాయిడ్ వాల్వు. దానికి ఆజ్ఞ నిచ్చునది బండిలోని కంప్యూటరు. ఇంజనులోనికి పోవు గాలియొత్తిడిని కొలిచి ఆ కంప్యూటరునకు తెలుపునది యొక సెన్సారు. కోరుట, కదలించుట, కొలుచుట, సరిదిద్దుట యను నీ నాలుగు పనులు క్షణక్షణమును జరుగుచుండును. ఈ నాల్గింటిలో నేది తప్పినను బండి "పికప్" కోల్పోవును.

విద్యార్థు లిచట నొక విశేషమును గమనింపవలెను. శూన్యబలముచే రెక్కలు నడచు బండిలో రబ్బరు గొట్టము తెగినచో రెక్కలు వెడల్పుగా తెఱచుకొని గాలియొత్తిడి తగ్గిపోవును. గాలియొత్తిడిచే వేస్ట్‌గేటు నడచు బండిలో డబ్బాకు పోవు గొట్టము తెగినచో తలుపు తెఱచుకొనక ఒత్తిడి హద్దు మీఱిపోవును. తెగినది రెండింటను గొట్టమే. ఫలితములు మాత్రము పరస్పర విరుద్ధములు. కావున బండియం దే విధమైన కళ్లెమున్నదో తెలిసికొనక దోషమును వెదకుట, దిక్కు తెలియక పడవను నడపుటవంటిది.

భవానీపురము కారు కథ

మా వీథిలో నొక గృహస్థు అద్దెకారు నడపి సంసారమును పోషించుకొనుచుండెను. కారు రెక్కల టర్బో గల డీజిల్ బండి. దాని కళ్లెము శూన్యబలముతో పనిచేయునది. 2024 సెప్టెంబరు తొలిదినములలో బుడమేరు పొంగి నగరమున పెక్కుపేటలు మునిగినప్పుడు, కృష్ణయందు బ్యారేజివద్ద 11 లక్షల క్యూసెక్కులకు మించిన ప్రవాహము వచ్చినప్పుడు, ఆ కారు మోకాలిలోతు నీటిలో రెండుదినములు నిలిచెను. శుభ్రపఱచిన పిమ్మట కొన్ని నెలలు చక్కగా తిరిగెను. అటుపిమ్మట నొక యుపద్రవము మొదలయ్యెను. బండి చల్లగా నున్నంతసేపు బాగుగనే పోవును, అరగంట నడచి వేడెక్కిన తరువాత ఎత్తు ఎక్కునప్పుడు హఠాత్తుగా బలము పోవును, నల్లపొగ వచ్చును, డాష్‌బోర్డుపై పసుపుపచ్చని దీపము వెలుగును. బండి నాపి తాళము త్రిప్పి మరల నడపిన కొంతసేపు బాగుండును.

ఒకనాడు ఆయన ప్రయాణీకులతో హైదరాబాదు రోడ్డున పోవుచు, ఇబ్రహీంపట్నము దాటిన పిమ్మట నొక లారీని దాటబోయెను. సగము దాటినంతలో బండి బలము పోయెను. ఎదుట బస్సు వచ్చుచుండెను. లారీ నడపువాడు బుద్ధిమంతుడై వేగము తగ్గించి చోటిచ్చెను గనుక ఆ దినమున నాలుగు ప్రాణములు దక్కెను. టర్బో కళ్లెము తప్పుట ధనవ్యయముతో పోవు విషయము గాదని చదువరులు గ్రహింపగలరు.

ఆయన బండి నొక షెడ్డునకు తీసికొనిపోయెను. వారు స్కానరు తగిలించిరి. పి 0299 అను సంఖ్య వచ్చెను. గాలియొత్తిడి కోరినదానికంటె తక్కువగా నున్నదని దాని యర్థము. "వరదనీరు టర్బోలోనికి పోయినది, క్రొత్తది వేయుటకు 35,000 రూపాయలగును" అని వారు చెప్పిరి. ఆయన ఇంటికి వచ్చి మాతో ననిన మాట మఱవరానిది: "మాస్టారూ, ఈ డబ్బు పెట్టినచో పిల్లదాని కాలేజీ ఫీజు ఆగిపోవును, పెట్టనిచో బండి ఆగిపోవును. దేనిని ఆపమందురు?"

పదార్థవిజ్ఞానము చెప్పుకొను మాకు ఆ ప్రశ్నకు జవాబు తెలియదు. కాని పి 0299 అను సంఖ్య జ్వరమానివంటిదని మాత్రము తెలియును. ఆటోనగరులో చిరకాలము పనిచేసి విశ్రాంతి పొందిన యొక మేస్త్రిగారిని పిలుచుకొని, ముగ్గురము కలిసి విచారణ ప్రారంభించితిమి.

విచారణ క్రమము

ఖర్చులేని పరీక్ష మొదట, ఖర్చుగల పరీక్ష తుద. విప్పకుండ చేయదగినది ముందు, విప్పి చేయవలసినది పిదప. ఇది మేస్త్రిగారి సూత్రము.

మొదటిది వినుట. దోషము ఎప్పుడు వచ్చును? చల్లగానున్నప్పుడా, వేడెక్కినప్పుడా? ఏ గేరులో? పొగరంగేమి? నల్లపొగ గాలి చాలదని చెప్పును. నీలిపొగ నూనె మండుచున్నదని చెప్పును. ఈ బండి వేడెక్కిన పిమ్మట, బరువు పడినప్పుడు మాత్రమే దోషమును చూపుచుండెను. చక్రములు విఱిగిన టర్బో చల్లనివేళ బాగుండి, తాళము త్రిప్పగానే నయమగుట యుండదు. ఈ యొక్క యాలోచనచేతనే టర్బోపై నేరము సగము తొలగెను.

రెండవది చూచుట. ఎయిర్ ఫిల్టరు దుమ్ముతో మూసుకొని యున్నదా? ఇంటర్‌కూలరునకు పోవు పెద్దగొట్టములు చీలినవా? వాటి క్లిప్పులు వదులైనవా? గొట్టములలో కొంచెము నూనెతేమ యుండుట సహజము. కాని యొక యతుకుచోట బయట తడియై దుమ్ము పట్టియున్నచో గాలి అచటనుండి పోవుచున్నదనుటకు సాక్ష్యము. మా బండియందు అట్టి గుర్తులేవియు లేవు. సోలినాయిడ్ వాల్వు ప్లగ్గులో మాత్రము పచ్చని చిలుము కనబడెను. అది వరదనీటి పని. "దొంగ దొరికెను" అని మే మానందించితిమి. మేస్త్రిగారు నవ్వి, దానిని శుభ్రపఱచి, "దొరికినవాడెల్ల దొంగ కాడు సార్, రోడ్డుమీద చూతము" అనిరి. రోడ్డుమీద దోషము మరల వచ్చెను. కనబడిన ప్రతి లోపమును కారణమే యని నమ్మరాదు; బాగుచేసిన ప్రతిసారియు మరల పరీక్షింపవలెను.

మూడవది సెన్సారు నిజము చెప్పుచున్నదా యని చూచుట. తాళము త్రిప్పి ఇంజను నడపకుండ స్కానరులో గాలియొత్తిడి సంఖ్యను చూడవలెను. ఇంజను నిలిచియున్నప్పుడు లోపలి యొత్తిడియు బయటి యొత్తిడియు నొకటే. విజయవాడ సముద్రమట్టమునకు మిక్కిలి దాపున నున్నది గనుక ఆ సంఖ్య 1000 మిల్లిబార్లకు దరిదాపుగా నుండవలెను. 800 అనియో 1200 అనియో చెప్పినచో సెన్సారే అబద్ధమాడుచున్నదని యర్థము. మా సెన్సారు 1004 చూపెను.

నాల్గవది కోరినదానిని, వచ్చినదానిని ప్రక్కప్రక్కన పోల్చుట. బండిని మూడవ గేరులో బరువుమీద నడపునప్పుడు కంప్యూటరు 2100 మిల్లిబార్లు కోరెను. వచ్చినది 1350 మాత్రమే. సోలినాయిడునకు ఆజ్ఞ మాత్రము దాదాపు తుదిహద్దువఱకు పోయియుండెను. అనగా కంప్యూటరు తన పని తాను చేయుచునే యున్నది; ఆజ్ఞను పాటించువారే లేరు. ఇచట గాలి పరిమాణమును కొలుచు మీటరును గూడ చూచితిమి. పెద్దగొట్టము చీలి గాలి బయటికి పోవుచున్నచో, మీటరు గాలి సమృద్ధిగా వచ్చుచున్నదని చెప్పును, ఒత్తిడి మాత్రము తక్కువగా నుండును. టర్బోయే మందముగా తిరుగుచున్నచో రెండును తక్కువగా నుండును. మా బండియందు రెండును తక్కువే. కావున చీలిక శంక తొలగెను.

అయిదవది కమ్మి పరీక్ష. చేతి వాక్యూమ్ పంపును యాక్చుయేటరు డబ్బాకు తగిలించి మెల్లగా పీల్చిన, కమ్మి కుదుపులేకుండ కదలవలెను. పీల్చుట నాపినను ఒక నిమిషము కదలక నిలువవలెను. వదలగానే నునుపుగా వెనుకకు పోవలెను. నిలువనిచో డబ్బాలోని పొర చినిగినది. కుదుపులతో కదలినచో రెక్కలకు మసి పట్టినది. మా కమ్మి చక్కగా కదలెను, నిలిచెను, మరలెను. దీనితో డబ్బాయు రెక్కలును నిర్దోషులని తేలెను.

ఇక మిగిలినవి వాక్యూమ్ పంపు, సోలినాయిడ్, వాటిని కలుపు సన్నని గొట్టములు. షెడ్డువా రీ గొట్టములను చూడకపోలేదు; బండి నిలిచియుండగా ఇంజనును రేపి చూచిరి, కమ్మి కదలెను, గొట్టములు బాగున్నవనిరి. నిలిచియున్న బండి చెప్పునది సగము నిజమే. దోషము బరువుమీద వచ్చునదైనచో పరీక్షయు బరువుమీదనే జరుగవలెను.

మేస్త్రిగారు యాక్చుయేటరునకు పోవు గొట్టములో నొక మూడుమూతుల యతుకు పెట్టి, పొడవైన గొట్టముతో వాక్యూమ్ గేజిని కారులోనికి తెచ్చిరి. బండియజమాని రోడ్డుమీద మాత్రమే దృష్టి నుంచి నడపెను. గేజిని చూచు పని మాది, స్కానరును చూచు పని మేస్త్రిగారిది. నడపువాడు కొలతలను చూడరాదను నియమమును ఎన్నడును మీఱరాదు. గొల్లపూడివఱకు పోయి వచ్చితిమి, ఇంజను వేడెక్కెను. పిమ్మట 2020లో తెఱువబడిన కనకదుర్గ ఫ్లైఓవరు ఎక్కించితిమి. చదునున నిలుకడగా నున్న గేజి ముల్లు, ఎత్తుమీద బరువు పడగానే చటుక్కున పడిపోయెను. అదే క్షణమున బండి బలము పోయెను. దిగుడున ముల్లు మరల లేచెను. దోష మెచట నున్నదో అప్పుడు మాకు తెల్లమయ్యెను.

ఇంటికి వచ్చి ఇంజను చల్లారిన పిమ్మట గొట్టమును జానెడు జానెడుగా వంచి చూచితిమి. ఇనుపపట్టీక్రింద వంపు తిరిగినచోట, కంటికి కనబడని అడుగుభాగమున, గోరంత పగులు గలదు. బరువు పడినప్పుడు ఇంజను తన దిమ్మెలపై నొకప్రక్కకు ఒఱగును. వేడికి మెత్తబడిన గొట్టము అప్పుడు సాగి పగులు నోరు తెఱచును, శూన్యబలము పోవును, రెక్కలు తెఱచుకొనును. ఇంజను నిలువుగా నిలిచినప్పుడు పగులు మూసికొనును. బండి నాపి నడపిన నయమైనట్లు తోచుటకు కారణమిదే.

నూనెకును వేడికిని తట్టుకొను వాక్యూమ్ గొట్టమును పొడవంతయు క్రొత్తగా వేసితిమి. 300 రూపాయలకు మించలేదు. మరునాడు అదే ఫ్లైఓవరుమీద కంప్యూటరు 2100 కోరగా 2080 వచ్చెను. నాటినుండి ఆ దీపము వెలుగలేదు. పిల్లదాని ఫీజు ఆగలేదు, బండియు నాగలేదు.

కొన్ని హెచ్చరికలు

గొట్టము దొరకినది గనుక మా విచారణ అచట నాగెను. అట్లు దొరకనిచో చూడవలసినవి మఱికొన్ని కలవు. కాలినపొగను కొంత మరల ఇంజనులోనికి పంపు వాల్వు తెఱచియే బిగుసుకొన్నచో టర్బోకు పొగ చాలదు. సైలెన్సరులోని మసిజల్లెడ మూసుకొన్నచో పొగ బయటికి పోక టర్బో మందగించును. ఇవి చూచిన పిమ్మటనే టర్బోను విప్పవలెను. ఇరుసును ప్రక్కకు కదపిన రవంత కదలుట సహజము, ఏలయన అది నూనెపొరమీద తేలుచు తిరుగునది. ముందువెనుకలకు కదలుటయు, చక్రము గోడకు రాచుకొన్న గుర్తులును దోషములు. టర్బో నిజముగా చెడినదని తేలినను, అది యేల చెడెనో తెలిసికొనక క్రొత్తది వేయరాదు. నూనె వచ్చు సన్నదారి మూసుకొని పాతది చెడియున్నచో క్రొత్తదియు అదే త్రోవ పట్టును.

యాక్చుయేటరు కమ్మికి నొక మర యుండును. దానిని త్రిప్పి బలమును పెంచెదమని చెప్పువారు కలరు. అది జ్వరమానిని చన్నీటిలో ముంచి జ్వరము తగ్గినదని చెప్పుటవంటిది; హద్దు మీఱిన యొత్తిడిచే ఇంజనే పోవచ్చును. వేడిగానున్న టర్బోను ముట్టరాదు. పొగచక్రమువైపు వందలకొలది డిగ్రీల వేడి యుండును. చాలదూరము వడిగా నడపిన పిమ్మట ఒకటి రెండు నిమిషములు ఇంజనును మెల్లగా తిరుగనిచ్చి ఆపుట, సకాలమున తగిన నూనెను మార్చుట, టర్బో ఆయువును పెంచు పనులు.

విద్యార్థులారా! ఈ కథయందు మేము గొప్పయంత్రమును దేనిని వాడలేదు. చేతిపంపు, గేజి, స్కానరు, వీనికంటె ముందు వినుటకు చెవులు. షెడ్డువారు అసత్యమాడిరని మేమనము. గాలిబలము తగ్గినదను వారి మాట నిజమే. ఏల తగ్గెనను రెండవ ప్రశ్నను వారు వేయలేదు, అంతే. ఆ యొక్క ప్రశ్నకు ఆ యింట 34,700 రూపాయల వెల గలదు. నాడు ఆ లారీ నడపువాడు చోటీయకున్నచో దాని వెలను లెక్కింప నెవ్వరి తరమును గాకుండెడిది. మీరు రేపు వైద్యులైనను, ఇంజనీర్లైనను, మేస్త్రీలైనను, మొదటి జవాబు దొరకినచోట నాగక రెండవ ప్రశ్నను వేయుడు.